వైద్యపత్రమును ప్రశ్నింపవచ్చునా?

వైద్యుని నారాయణునితో సమానునిగా భావించుట మన యిండ్లలో తరతరముల ఆచారము. ప్రాణము నిలిపినవానియెడ ఆ గౌరవము తగినదే. కాని గౌరవము వేఱు, తీర్పు వేఱు. పనిలో గాయపడిన కూలివాడు నష్టపరిహారము కోరినప్పుడు, వైద్యుడు వ్రాసిన యొక్క అంకెపై అతని సంసారపు అన్నము ఆధారపడియుండును. ఆ యంకె తప్పని తోచినచో అతడు దానిని ప్రశ్నించుట అవినయమా? ఈ సంగతిని మేము మొదట సరిగా విచారింపలేదు. అందువలన ఒకనికి అన్యాయము చేయబోయితిమి.

కొన్నియేండ్ల క్రిందట మా వీధిలో ఇల్లు కట్టుచున్న తాపీమేస్త్రీ యొకడు పరంజామీదినుండి పడెను. కుడి మణికట్టు విరిగి వంకరగా అతుకుకొనెను. కంట్రాక్టరు పంపిన వైద్యుడు చూచి, సంపాదనశక్తిలో నష్టము నూటికి 10 అని వ్రాసియిచ్చెను. మేస్త్రీ ఆ కాగితముతో మా యింటికి వచ్చి అర్జీ వ్రాసిపెట్టుమని కోరగా, "అంత చదువుకున్న డాక్టరుగారి మాట కాదనటం దేనికోయ్?" అని మేము మందలించితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, "ఆయన నా చెయ్యి చూశారు బాబూ, నా తాపీ చూడలేదు" అనెను. మాకు ఉత్తరము తోచలేదు.

అప్పుడు గాని మేము చట్టమును తెఱచి చూడలేదు. శ్రామికుల నష్టపరిహారమునకై 1923లో చేయబడిన చట్టము 1924 జూలై 1న అమలులోనికి వచ్చినది. అది ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో చేరినది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది. కొన్ని గాయములకు చట్టమే పట్టిక యిచ్చినది. బొటనవ్రేలు పోయిన నూటికి 30, చూపుడువ్రేలు పూర్తిగా పోయిన 14. పట్టికలో లేని గాయములకు మాత్రము అర్హతగల వైద్యుడు సంపాదనశక్తి యెంత తగ్గెనో అంచనా వేయవలెను. పూర్ణవైకల్యమునకు నెలజీతములో నూటికి 60 పాళ్లను వయస్సునుబట్టి నిర్ణయించిన గుణకముతో హెచ్చవేయుదురు. పాక్షికవైకల్యమునకు ఆ మొత్తములో వైద్యుడు వ్రాసిన పాలు మాత్రమే దక్కును. కావున 10కిని 40కిని గల భేదము కాగితముమీద చిన్నది. కూలివాని యింటిలో అది నాలుగింతలు.

చట్టము అడుగునది సంపాదనశక్తినిగూర్చి యని గమనింపవలెను. ఎముక యెంత వంగినది, కీలు ఎంతవఱకు తిరుగుచున్నది అనునవి శరీరమునకు సంబంధించిన ప్రశ్నలు. ఆ చేతితో ఇతడు ఇంతకుముందు చేసిన పని చేయగలడా అనునది బ్రదుకునకు సంబంధించిన ప్రశ్న. 1968 జూలైలో ఒడిశాలో ఒక సినిమాహాలులో పనిచేయుచు ఒక వడ్రంగి క్రిందపడెను. అతని యెడమచేతిని మోచేతివద్ద తీసివేయవలసివచ్చినది. ఇది పాక్షికవైకల్యమే యని యజమాని వాదించెను. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక ఇది పూర్ణవైకల్యమే యని 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చినది. ప్రమాదమునాటికి అతడు చేయగలిగియున్న పనులకు అశక్తుడయ్యెనా యనుటయే కొలతబద్ద. అదే గాయము ఒక గుమాస్తాకు తగిలినచో లెక్క వేఱుగా నుండును. ఒక అవయవపు వైకల్యశాతమును సంపాదననష్టపు శాతముగా యాంత్రికముగా తీసికొనరాదని 2010లో మోటారు ప్రమాదపు వ్యాజ్యమొకదానిలోను ఆ న్యాయస్థానము చెప్పినది.

ఇట్లు ప్రశ్నింపనిచ్చినచో ప్రతివాడును లేనినొప్పి చెప్పుకొని ధనము గుంజునని కొందఱందురు. అట్టివారు లేరని మేము చెప్పము. జాలిపడి 10ని 50గా వ్రాయు వైద్యుడును ఉండవచ్చును, అదియు అసత్యమే. కాని దానికి మందు కూలివాని నోరు మూయుట కాదు, ఇరువైపుల పత్రములను ఒక్కరీతిగా పరీక్షించుట. యజమాని తన వైద్యునిచే గాయపడినవానిని పరీక్ష చేయింపవచ్చును. కార్మికుడు అందుకు నిరాకరించినచో అతని హక్కు నిలిచిపోవును. ఇంతటి బాధ్యతను అతనిపై మోపినప్పుడు, మఱియొక వైద్యుని అభిప్రాయము తెచ్చుకొనుటకును, మొదటి వైద్యుని సాక్ష్యమున ప్రశ్నించుటకును అతనికి అడ్డు చెప్పుట ధర్మమగునా? ఏ పని మనస్సున నుంచుకొని ఆ యంకె వేసితిరని యడుగుట నింద కాదు. తన మాటకు కారణము చెప్పుట విద్యావంతుని లక్షణము.

ఆలస్యమున నష్టము కలదు. పరిహారాధికారి తీర్పుపై హైకోర్టుకు వెళ్లుటకు ముఖ్యమైన న్యాయప్రశ్న ఉండవలెను. చేయి యెంత చెడెనను సంగతిని అధికారి యెదుటనే తేల్చుకొననివానికి పైన తలుపు తెఱచుకొనుట అరుదు. వినయమని మేము బోధింపబోయినది ఆ మేస్త్రీని ఆ తలుపు వెలుపలనే నిలుపియుండెడిది.

తుదకు మేము అర్జీ వ్రాసితిమి. రెండవ వైద్యుడు అతనిచేత తాపీ పట్టించి, ఇటుక ఎత్తించి చూచి, తన పత్రమున ఆ సంగతులన్నియు వ్రాసెను. అధికారి ఇరువురు వైద్యులను విని, మేస్త్రీ యడిగినంత కాకున్నను, మొదటిదానికంటె చాల హెచ్చుగా నిర్ణయించెను. అతడు తిరిగి గోడ కట్టలేదు. ఆ సొమ్ముతో చిన్న కొట్టు పెట్టుకొనెను.

మన యిండ్లలో వైద్యులున్నారు, కంట్రాక్టర్లున్నారు, ఇల్లు కట్టించువారున్నారు. పనివాడు పడినప్పుడు ఆసుపత్రి ఖర్చు పెట్టి, "మేము చేయవలసినది చేసితిమి" అని తృప్తిపడుట మనకు అలవాటు. దయ చూపుట సులభము. ఆ దయ తన హక్కునకు సరిపోలేదని అతడు చెప్పినప్పుడు కోపింపక వినుట కష్టము. వైద్యునికి ఎముక తెలియును. తన పని కూలివానికి తెలియును. ఈ రెండు తెలివిడులును ఒకచోట కూర్చుండి మాటాడిననాడే ఆ కాగితముమీది యంకె న్యాయమైనది కాగలదు.