మైల ఎముకలకా, చేతులకా?

మైల ఎముకకుంటదా, దాన్ని ముట్టిన చేతికుంటదా? ఈ ప్రశ్న నాకు హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ ముందు నిలబడ్డప్పుడు ఎదురయింది.

దాని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. పాత ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర బయటపడ్డ ఎముకలు. దాదాపు 18 కోట్ల ఏండ్ల కిందటివి. 1988లో పి. యాదగిరి దానికి శాస్త్రీయ నామం పెట్టిండు. ఊరి పేరు శాస్త్రంలోకెక్కింది. గడ్డపార పట్టినోళ్ల పేర్లు ఆ నామంలో లేవు.

జనం ఆ ఎముకల పక్కన ఫొటోలు దిగుతున్నరు. పిల్లల్ని ఎత్తి చూపిస్తున్నరు. ఎవరూ ముక్కు మూసుకోలేదు.

మా తాత కూడా ఎముకలు తెలిసిన మనిషే. ఊళ్లో గొడ్డు చస్తే వాడకు కబురొచ్చేది. తాత పోయి ఈడ్చుకొచ్చేటోడు, తోలు ఒలిచేటోడు. ఏ ఎముక ఏ కీలుకు అతుకుతదో, కత్తి ఎక్కడ పెడితే ఊడుతదో ఆయనకు తెలుసు. ఎండిన ఎముకలను అవ్వ ఏరి బస్తాల్లో నింపేది, షావుకారు కొనుక్కపొయ్యేటోడు. ఎముకల పొడి పొలాలకు ఎరువయ్యేది. ఆ పొలంలో పండిన వడ్లు మైలపడలేదు. ఎముకలేరిన అవ్వ మాత్రం ఊరబాయి గట్టు ఎక్కొద్దు. తాత తెలివిని విద్య అన్నోడు లేడు.

కాచిగూడ స్టేషన్ 1916 నాటి కట్టడం. అక్కడ నిజాం కాలపు రైళ్ల సంగతులు చూస్తున్నప్పుడూ ఇదే ఆలోచన. రైలు కులాలను కలిపిందంటరు. ఒకే బల్ల మీద కూచోబెట్టిన మాట నిజమే. కానీ 1901లో అన్నతో కలిసి మసూర్ స్టేషన్‌లో దిగిన చిన్నారి అంబేద్కర్ కులం తెలియగానే స్టేషన్ మాస్టర్ వెనక్కి జరిగిండు. బోగీల నుంచి పట్టాల మీద పడ్డ మలాన్ని ఏండ్ల తరబడి ఎత్తింది ఏ కులపోళ్లు? చేతులతో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినయ్. మురుగు గుంతల్లో దిగి చచ్చేది ఇంకా మనోళ్లే.

తాత కత్తిని కూడా మ్యూజియంలో పెట్టాలని మిత్రులంటరు. పెట్టాలె. అయితే అద్దాల పెట్టె చూస్తే అది ముగిసిన కథ అనిపిస్తది. కోటసారస్ కథ ముగిసింది, బొగ్గు ఇంజను కథ ముగిసింది. మా కథ ముగిసిందని ఆ అద్దం చేత చెప్పించొద్దు.

అందుకే కత్తి పక్కన తాత పేరు, వాడ పేరు, వాడ నుంచి ఊరబాయికి ఉన్న దూరం రాయాలె. చూడవచ్చినోళ్లు ఫొటో దిగే ముందు, తమ తాతలు ఆ బాయికి ఏ పక్కన నిలబడ్డరో ఇంటికాడ అడిగి రావాలె.