మూడో కాన్పు ఎవరి మాట

విజయవాడ రోడ్డు సూర్యాపేట, కోదాడ దాటి గరికపాడు దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి వెళుతుంది. రాష్ట్రాలు రెండయ్యాక కూడా ఒక నిబంధన ఆ రోడ్డుకు అటూ ఇటూ అలాగే నిలిచింది. 1994 పంచాయతీరాజ్ చట్టం నాటిది అది: ఇద్దరు పిల్లలు దాటితే సర్పంచ్‌గానో వార్డు మెంబర్‌గానో పోటీ చేయకూడదు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్, మరుసటి ఏడాది తెలంగాణ దాన్ని ఎత్తేశాయి. చంద్రబాబు నాయుడైతే ఇప్పుడు ఎక్కువమందిని కనమనే అంటున్నారు.

ఆ ముప్పై ఏళ్లలో నష్టపోయిందెవరంటే నాకు మహిళా రిజర్వేషన్ సీట్లలో నిలబడాల్సిన ఆడవాళ్లే గుర్తొస్తారు. రెండో కాన్పులోనూ ఆడపిల్లే పుడితే మూడోదానికి వెళ్లాలా వద్దా అన్నది చాలా ఇళ్లలో అత్తా, భర్తా తేల్చే మాట. నామినేషన్ వేయలేకపోయేది మాత్రం ఆ తల్లి. హర్యానాలోని ఇలాంటి నిబంధన మీద వచ్చిన కేసులో 2003లో సుప్రీంకోర్టు అది సబబేనంది. చట్టం లెక్కన సరే కావచ్చు, న్యాయమని నేననలేను.

జనాభా అదుపు విషయంలో దూరదేశాల తీరు ఇంకా చిత్రం. 1965-66 కరువులో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ మనకు పంపే గోధుమలకూ, కుటుంబ నియంత్రణకూ ముడిపెట్టారు. 1983లో ఐక్యరాజ్యసమితి తన తొలి జనాభా అవార్డును ఇందిరా గాంధీకీ, చైనాలో ఒకే బిడ్డ విధానాన్ని నడిపిన మంత్రి చియాన్ షిన్‌జోంగ్‌కీ కలిపి ఇచ్చింది. రెండేళ్లకు అదే అమెరికా, బలవంతపు ఆపరేషన్లకు తోడ్పడే సంస్థలకు డబ్బివ్వబోమని చట్టం చేసుకుంది. 2002లో చైనాను చూపించి ఐరాస జనాభా నిధికి ఇవ్వాల్సిన 3.4 కోట్ల డాలర్లు ఆపేసింది. ఆ నిధి తెలిసి బలవంతానికి తోడ్పడినట్టు ఆధారం లేదని అమెరికా పంపిన బృందమే చెప్పినా సరే. బహుమతిచ్చినప్పుడు గానీ, డబ్బు ఆపినప్పుడు గానీ ఆపరేషన్ బల్లమీద పడుకున్న మనిషిని అడిగిన వాళ్లు లేరు.

మన ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. నాలుగింట మూడు వంతులు మగవాళ్లకే. ఉత్తరాది ఓటర్లు ప్రభుత్వాన్ని దింపేశారు. (ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి.) ఆ దెబ్బకు పాలకులు నేర్చుకున్నది ఒక్కటే, మగవాళ్ల జోలికి పోకూడదని. అప్పటినుంచి భారమంతా ఆడవాళ్ల మీద పడింది. మూడేళ్లలో ఆపరేషన్ శిబిరాలు మానేయమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం శిబిరంలో ఒక్కరోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు.

మిర్యాలగూడలో ఏ వాడకు వెళ్లినా కొత్త కోడల్ని "ఏమన్నా విశేషమా?" అని అడగడం మర్యాద కిందే లెక్క. ఇద్దరాడపిల్లల తల్లితో "ఇంకో కాన్పు చూడరాదే" అంటారు. ముగ్గురున్నామెను "ఇంకా ఆపరేషన్ చేపించుకోలేదా" అంటారు. ఏ జీవో లేకుండానే నడిచే ఒత్తిడి ఇది. అలాంటి మాట నా ముందు వచ్చినప్పుడు సాగర్ కాలువకు నీళ్లొదిలారా అని అడిగి మాట మళ్లిస్తాను. పెద్ద సాహసమేం కాదు గానీ, ఆమెకు కాస్త ఊపిరాడుతుంది.

మగవాడికి కోత, కుట్టు లేని ఆపరేషన్ ఉంది, అదే రోజు ఇంటికి రావచ్చు. అయినా "మనిద్దరిలో ఎవరం చేయించుకుందాం?" అని భర్త ముందుగా అడిగే ఇల్లు అరుదు. అడిగాక ఆమె "ఇప్పుడే వద్దు" అంటే, ఆ మాటను అత్త దగ్గరికి మోయకుండా అక్కడే ఆగేవాడు ఇంకా అరుదు.