శిష్యుడి ఘనతలో బడి వాటా

శిష్యుడు పేరు తెచ్చుకుంటే ఆ ఘనత చదువు చెప్పిన బడిదా, పుట్టుకతో వచ్చిన సంస్కారానిదా అన్నది పాత ప్రశ్నే. పేరున్న బోర్డింగు స్కూళ్లు తమ పూర్వ విద్యార్థుల పేర్లను గొప్పగా చెప్పుకుంటాయి. వాళ్లను మేమే తయారుచేశామన్నది వాటి ధీమా.

ఆ ధీమాకు అడ్డుపడే మనిషి భాగవతం తెనిగించిన పోతన. ఆయన ఊరు పాలకుర్తి మండలంలోని బమ్మెర. ఆయనది ఒంటిమిట్ట అన్న వాదం సంగతి అలా ఉంచుదాం. భాగవతం స్కంధాంత గద్యల్లో ఆయన తనది సహజ పాండిత్యమని చెప్పుకున్నాడు, ఏ గురువు పేరూ ఎత్తలేదు. అయినా ఆయన తెనిగించిన స్కంధాల్లో రెండు గురుకులాల కథలున్నాయి.

ఒకటి ప్రహ్లాదుడి గురువులైన చండామార్కులది. ప్రహ్లాదుడు హరిభక్తి మాట్లాడేసరికి హిరణ్యకశిపుడు గురువుల మీద విరుచుకుపడతాడు. ఇది తాము నేర్పింది కాదు, మరొకరు నేర్పిందీ కాదు, వీడికి పుట్టుకతోనే వచ్చిందని వాళ్లు మొరపెట్టుకుంటారు. ప్రాణభయంతో అన్నా, పూర్వజన్మ వాసనలను నమ్మేవారికి అది గట్టి వాదమే. ప్రహ్లాదుడు మాత్రం తోటి పిల్లలకు వేరే లెక్క చెబుతాడు: తల్లి కడుపులో ఉండగానే నారదుడి మాట విన్నాడట. అంటే బడిలో కాలుపెట్టక ముందే అసలు చదువు అయిపోయింది.

హైదరాబాద్ బేగంపేట బడికీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇంగ్లండులోని ఈటన్ నమూనాలో 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం మొదలైన కాలేజీ అది. 1949లో జాగీర్లు రద్దయ్యాక, 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. సత్య నాదెళ్ల, శంతను నారాయణ్, అజయ్ బంగా, హర్షా భోగ్లే అక్కడ చదివినవారే. నాదెళ్ల తండ్రి బి.ఎన్. యుగంధర్ ఐ.ఎ.ఎస్. అధికారి, తల్లి సంస్కృత అధ్యాపకురాలు. ఇంట్లో అబ్బిందెంతో, బడిలో అబ్బిందెంతో ఎవరు విడదీస్తారు? ఈటన్ చరిత్ర ఇంకా విచిత్రం. 1440లో ఆరో హెన్రీ దాన్ని 70 మంది పేద పిల్లల కోసం పెట్టాడు. తర్వాత అది కలవారి బడిగా మారి 20 మంది బ్రిటిష్ ప్రధానులను చూసింది.

రెండో గురుకులం సాందీపనిది. అక్కడ కృష్ణుడూ కుచేలుడూ సహాధ్యాయులు. గురుపత్ని కట్టెలు తెమ్మంటే అడవికి వెళ్లి, గాలివానలో దారి తప్పి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని రాత్రంతా తిరిగారు. తెల్లవారాక సాందీపని వెతుక్కుంటూ వచ్చి దీవించాడు. ఏళ్ల తర్వాత ద్వారకలో కృష్ణుడు గుర్తుచేసుకున్నది ఆ రాత్రినే. 64 రోజుల్లో నేర్చిన 64 కళల ఊసు అక్కడ రాదు. ఒకే గురువు దగ్గర చదివి ఒకడు ద్వారకను ఏలాడు, మరొకడికి పూట గడవలేదు. లోకంలో వచ్చిన హోదాను బట్టి బడిని తూచేవారికి ఈ కథ మింగుడుపడదు. గురువు ఇద్దరికీ ఇచ్చింది ఒక్కటే. ఆయన బాధ్యతా అంతవరకే.

బడి వాటా బాగా కనపడేది ఇంట్లో ఆసరా లేని పిల్లల దగ్గర. ఓరుగల్లు బిడ్డ పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం అలాంటి పిల్లలకు ఉద్దేశించిందే. ఆ తరహా సాంఘిక సంక్షేమ గురుకులం ఒకటి నిజామాబాద్ ప్రాంతంలోని తాడ్వాయిలో ఉంది. వ్యవసాయ కూలీల కూతురు మాలావత్ పూర్ణ అక్కడే చదివింది. భువనగిరి బండ మీద తాడు పట్టి ఎక్కడం నేర్చి, 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. గుండెధైర్యం ఆ పిల్లదే, సందేహం లేదు. కానీ తాడూ, శిక్షణా, పంపించే తెగువా బడివి. పూర్ణ ఘనతలో గురుకులం వాటా అడిగితే ఇవ్వక తప్పదు. నాదెళ్ల ఘనతలో బేగంపేట బడి వాటాను అంత సులువుగా తేల్చలేం.