ముద్దుపేరు మాత్రం గుర్తుంది

ఒక మనిషి గురించి మనకు గుర్తున్నది మనదా, ఆ మనిషిదా? మా ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర ఇలాంటి ప్రశ్న వేస్తే కప్పు నిండకుండానే జనం చెదిరిపోతారు. కానీ ఈమధ్య కాలేజీ రీయూనియన్‌కి సావనీర్ వేద్దామనుకుని, "నువ్వు ఏవో వ్యాసాలు రాస్తుంటావుగా" అంటూ జ్ఞాపకాలు పోగుచేసే పని నాకు అంటగట్టారు. అప్పట్నించీ ఇది తేల్చక తప్పని ప్రశ్న అయి కూచుంది.

మాది ఆడపిల్లల ఇంజనీరింగ్ కాలేజీ. 2008లో చేరాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన కొత్త. తెలుగు మీడియం బడి నుంచి, ఇంట్లో మొదటిసారిగా కాలేజీ గడప తొక్కినవాళ్లు మాలో చాలామంది. ఎంసెట్ ప్రశ్నాపత్రంలో తెలుగు ఉండేది. క్లాసురూములో ఉండేది కాదు.

గూగుల్ ఫారంలో "క్లాస్‌మేట్ గురించి మర్చిపోలేని సంగతి" అని ఒక గడి పెట్టాను. మెస్ సాంబారు, ఆరింటికి మూసేసే గేటు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్ ముందు వణుకు, అన్నీ అనుకున్నట్టే వచ్చాయి. అయితే పద్నాలుగు మంది ఒకే సంగతి రాశారు. ఫస్టియర్‌లో ఏ సెక్షన్ అమ్మాయి ఒకామె సెమినార్ ఇస్తూ ఇంగ్లిషులో ఏదో వాక్యం తప్పుగా అంది. క్లాసు గొల్లుమంది. ఆ వాక్యంలోని ఒక ముక్క నాలుగేళ్ల పాటు ఆమె పేరయింది. నాది బి సెక్షన్ కాబట్టి నేను చూడలేదు. ఆ పేరు ఇక్కడా రాయను.

రాసినవాళ్లంతా ప్రేమగానే రాశారు, నవ్వు బొమ్మలతో, ఎర్ర గుండెలతో. ఇబ్బందంతా అక్కడే ఉంది. ద్వేషంతో రాస్తే తీసి పారెయ్యడం తేలిక. పద్నాలుగు మంది ఒకే బగ్ రిపోర్ట్ చేస్తే నిజమేనని నమ్మే వృత్తి నాది. ఇక్కడ ఆ లెక్క చెల్లదు. పద్నాలుగు మందీ చూసింది బెంచీల వైపు నుంచి. బోర్డు ముందు నిలబడి చూసింది ఒక్కతే. ఆమె ఫారం నింపలేదు, బ్యాచ్ గ్రూపులో కూడా లేదు.

తీసేస్తే సరిపోదా అంటారేమో. తీసేస్తే ఆమె పుస్తకంలోనే ఉండదు. ఆమె గురించి ఇంకెవరూ ఇంకేమీ రాయలేదు మరి. అవమానంగా మిగలడం మేలా, అసలు మిగలకపోవడం మేలా?

ఆవిషాయ్ మర్గలీత్ అనే ఇజ్రాయెలీ తత్త్వవేత్త 2002లో జ్ఞాపకం, నీతి గురించి ఒక పుస్తకం వేశాడు. తన కింద పనిచేసి చనిపోయిన కుర్ర సైనికుడి పేరు గుర్తులేదన్న ఒక అధికారి మీద జనం మండిపడటం అందులో ఒక ముఖ్యమైన ఉదాహరణ. దగ్గరివాళ్లను గుర్తుంచుకోవాల్సిన బాధ్యత ఉంటుంది, ఊరూ పేరూ తెలియని వాళ్ల విషయంలో అంత ఉండదు అంటాడు, స్థూలంగా. క్లాస్‌మేట్ ఈ రెంటిలో ఏ లెక్కలోకి వస్తుందో నాకు తేలలేదు. నాలుగేళ్లు పక్క బెంచీ, తర్వాత పదమూడేళ్లు ఏమీ లేదు. ఇంకో తమాషా, ఆ అధికారికి పేరు గుర్తులేదు. మావాళ్లకు ముద్దుపేరు బ్రహ్మాండంగా గుర్తుంది. అసలు పేరు? పద్నాలుగు మందిలో ఇద్దరు చెప్పారు. ఇంటిపేరు గ్రూప్ ఫోటో వెనక దొరికింది.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల కథ వాళ్లచేతే చెప్పించారు. సావనీర్‌కు అంత గొప్ప పోలిక ఎందుకని మీరు నవ్వొచ్చు. కానీ ఆ పద్ధతిలో ఒక మర్యాద ఉంది. ఇక్కడ దాన్ని పాటిద్దామంటే పెద్ద చిక్కు. "నీ గురించి ఇలా రాశారు, వేయనా?" అని అడగడమంటే, ఆ వాక్యాన్ని మళ్లీ ఆమె చెవిలో చదవడమే. అనుమతి అడిగితేనే సగం దెబ్బ తగిలినట్టు.

అందుకని ముందు ఆ పద్నాలుగు మందికీ తిరిగి రాశాను. అది కాకుండా ఆమె గురించి ఇంకొక్క సంగతి చెప్పండని. తొమ్మిది మంది జవాబివ్వలేదు. ఒకరు "అంత సీరియస్ ఎందుకే" అన్నారు. ముగ్గురు నిజంగానే ప్రయత్నించారు గానీ వేరే అమ్మాయితో కలిపేశారు. మిగిలిన ఒక్కతీ రాసింది: సీ లాంగ్వేజ్ పరీక్ష ముందు రాత్రి హాస్టల్ మెట్ల మీద ఆమె తనకు తెలుగులో పాయింటర్లు చెప్పిందట. "పాయింటర్ అంటే ఇల్లు కాదే, ఇంటి అడ్రసు రాసుకున్న కాగితం. కాగితం పారేస్తే ఇల్లు కూలిపోదు. నువ్వే మళ్లీ ఆ ఇంటికి పోలేవు." మా ప్రొఫెసర్లెవరూ ఇంత బాగా చెప్పలేదు.

ఫోన్ నంబరు కూడా ఆమె దగ్గరే దొరికింది. సావనీర్ వేస్తున్నాం, ఎవరి గురించైనా రాస్తావా అని మెసేజ్ పెట్టాను. రెండ్రోజులకు జవాబు: "ఆ రోజులు నాకు పెద్దగా గుర్తులేవు. మీరు వేసుకోండి." ఆ 'మీరు' మా అందరికీ కలిపి అన్నదో, నన్ను దూరంగా నిలబెట్టిన గౌరవమో అర్థం కాలేదు.

ముద్దుపేరు మాటెత్తలేదు. పాయింటర్ల సంగతి మాత్రం పంపి, ఇది నీ పూర్తి పేరుతో వేయొచ్చా అని అడిగాను. ఈసారి పది నిమిషాల్లో వచ్చింది.

"వేయండి. కానీ కాగితం అనలేదు. బస్ టికెట్ వెనక రాసుకున్న అడ్రసు అన్నాను."