అస్త్రోపసంహారము

సౌప్తికపర్వమునందలి కథను పాఠశాలలో చెప్పినప్పుడెల్ల మేమొక ప్రశ్న వినుచుందుము. అశ్వత్థామ బ్రహ్మశిరోస్త్రమును ప్రయోగించెను. అర్జునుడును అట్టి యస్త్రమునే ప్రయోగించెను. వ్యాసనారదులు నడుమ నిలిచి వారింపగా అర్జునుడు ముందుగా తన యస్త్రమును ఉపసంహరించెను. "శత్రువు మరలింపకముందే తాను మరలించుట పిఱికితనము కాదా?" యని బాలురడుగుదురు. కాదు. ప్రయోగముతోపాటు ఉపసంహారమును నేర్చినవాడే వీరుడు. అశ్వత్థామ దానిని మరలింపలేకపోయెను. కావుననే ఆ యస్త్రము కడపట గర్భస్థశిశువుపై బడినది.

నేటి రాజ్యాధినేతలకును ఈ ప్రశ్నయే యెదురైనది. 1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమాపైనను, 9వ తేదీన నాగసాకిపైనను పడిన బాంబులు యోధుడనక శిశువనక దహించినవి. నేడు తొమ్మిది రాజ్యములయొద్ద ఇంచుమించు పండ్రెండువేల అణ్వస్త్రములు గలవు. 1968 నాటి అణ్వస్త్రవ్యాప్తి నిరోధక సంధిలోని ఆరవ ప్రకరణము నిరాయుధీకరణమునకై సద్భావముతో సంప్రదింపవలెనని విధించుచున్నది. ఐనను అమెరికా, రష్యాల అస్త్రసంఖ్యకు హద్దు నేర్పరచిన 2010 నాటి యొడంబడికకు 2026 ఫిబ్రవరి 5వ తేదీతో గడువు తీరినది.

"నమ్మదగని శత్రువుతో మాటలేల?" యని కొందరందురు. నమ్మకమే యున్నచో సంధిపత్రముతో పనియేమి? 1987లో అమెరికా, సోవియట్ నాయకులైన రీగన్, గోర్బచేవ్‌లు కేవలము నమ్మకముపై సంతకము చేయలేదు. ఒకరి తనిఖీని మరియొకరు అంగీకరించి చేసిరి. 1991 నాటికి 2,692 క్షిపణులు నాశమయ్యెను. ఆ సంధి 2019లో అంతరించినమాట నిజమే. కాని నాశమైన క్షిపణులు తిరిగి లేచి రాలేదు.

పరులకు నీతి చెప్పి మనము తప్పుకొనరాదు. మన దేశమును 1974లోను, 1998లోను అణుపరీక్షలు జరిపినది. 1968 నాటి సంధి పక్షపాతముతో గూడినదని అందు చేరలేదు. ఆ వాదము న్యాయమే కావచ్చును. కాని న్యాయమైన వాదము గలవాడే సభకు ముందుగా పోవలెను. 1988లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో సంపూర్ణ నిరాయుధీకరణ ప్రణాళికను ప్రతిపాదించి యట్లే చేసెను. భారత, పాకిస్తానములు 1992 మొదలు ఏటేట జనవరి 1వ తేదీన తమ అణుకేంద్రముల పట్టికలను ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. 1999 నాటి కార్గిల్ యుద్ధము పిమ్మటను ఆ యాచారము నిలిచినది. వైరమున్నచోటను మాటకు తావు గలదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఉన్న యాయుధములను ఒంటిగా పారవేయుడని మేమనుట లేదు. ముందుగా పిలుచుడు, కూర్చుండుడు, మాటాడుడని మాత్రమే కోరుచున్నాము. మాట విఫలమైనచో మరల మాటాడవచ్చును. అస్త్రము ఒకసారి విడిచిన పిమ్మట ఆ యవకాశముండదు. ఓటడుగవచ్చినవారిని ఈ విషయమై ప్రశ్నించుట గృహస్థులమైన మన ధర్మము. బాలురడిగిన ప్రశ్నకు మేము పాఠములో నుత్తరమీయగలము. దేశమేలువారు దానికి చేతలతో నుత్తరమీయవలసియున్నది.