చింపేసిన ఉత్తరాలు

ఒక్క మనిషి మీద మనం చూపించిన ప్రేమ, అంతకుముందు ఎంతోమందికి చేసిన అన్యాయాన్ని చెల్లు చేస్తుందా? స్నేహం గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ ప్రశ్న సాధారణంగా రాదు. వయసులో బాగా తేడా ఉన్న ఇద్దరి మధ్య స్నేహం మీద తీసిన సినిమాలప్పుడైతే అసలే రాదు. మొండి ముసలామె మెత్తబడింది, దిక్కులేని పిల్లాడికో దిక్కు దొరికింది అనుకుంటూ కళ్లు తుడుచుకుని బయటికొచ్చేస్తాం. 1998 నాటి బ్రెజిల్ సినిమా 'సెంట్రల్ స్టేషన్'ని కూడా చాలామంది అలాగే చూశారు. ఆ ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో దానికి గోల్డెన్ బేర్ వచ్చింది. అందులో డోరాగా నటించిన ఫెర్నాండా మోంటెనెగ్రోకి ఉత్తమ నటిగా సిల్వర్ బేర్ వచ్చింది. దర్శకుడు వాల్టర్ సాలెస్ 2024లో తీసిన 'అయామ్ స్టిల్ హియర్'లో ఆమె కూతురు ఫెర్నాండా టోరెస్ని చూశాక, నేను మళ్లీ తల్లి దగ్గరికి, ఆ పాత సినిమా దగ్గరికి వెళ్లాను. ఈసారి కన్నీళ్లకంటే ముందు ప్రశ్న వచ్చింది.

డోరా ఒకప్పుడు స్కూలు టీచరు. ఇప్పుడు రియో డి జనేరోలోని పెద్ద రైల్వే స్టేషన్లో చిన్న బల్ల వేసుకుని, చదువురాని వాళ్లకి ఉత్తరాలు రాసిపెడుతుంది. రాసినందుకు డబ్బు, పోస్టు చేసిపెట్టడానికి విడిగా డబ్బు. జైల్లో ఉన్న ప్రియుడికి, నమ్మించి మోసం చేసినవాడికి, వదిలేసి వచ్చిన ఊళ్లో వాళ్లకి... జనం తమ గుండెల్లో ఉన్నదంతా ఆమె ముందు కుమ్మరించి వెళ్తారు. సాయంత్రం ఆమె ఇంట్లో స్నేహితురాలు ఇరేనీతో కూర్చుని వాటిని చదువుతుంది. నవ్వుకుంటుంది. ఎవరి ఉత్తరం వెళ్లాలో, ఎవరిది వెళ్లకూడదో తనే తీర్పు చెప్తుంది. కొన్నిటిని చింపేస్తుంది, కొన్నిటిని సొరుగులో పడేస్తుంది.

అలా ఆగిపోయిన ఉత్తరాల్లో అనా అనే ఆమెది ఒకటి. తొమ్మిదేళ్ల కొడుకు జొజువేని వెంటబెట్టుకుని వచ్చి, వాడి తండ్రికి రాయించిన ఉత్తరం అది. మొదటిరోజు కోపంగా రాయిస్తుంది. తర్వాత మనసు మార్చుకుని మళ్లీ వచ్చి మెత్తగా రాయిస్తుంది. స్టేషన్ బయటికి అడుగు పెట్టగానే బస్సు కింద పడి చచ్చిపోతుంది. పిల్లాడు స్టేషన్లోనే మిగిలిపోతాడు. డోరా వాణ్ని ఇంటికి తీసుకెళ్తుంది. అది జాలి అని మనం అనుకునేలోపే, పిల్లల్ని దత్తతకి పంపుతామని చెప్పేవాళ్లకి వాణ్ని అమ్మేసి ఆ డబ్బుతో కొత్త టీవీ కొనుక్కుంటుంది. అంత పెద్ద పిల్లల్ని దత్తత కోసం ఎవరూ కొనరని ఇరేనీ చీవాట్లు పెట్టాక, మర్నాడు వెళ్లి వాణ్ని లాక్కొస్తుంది. ఇక రియోలో ఉండే వీల్లేక, తండ్రిని వెతుక్కుంటూ ఇద్దరూ ఈశాన్య బ్రెజిల్ వైపు బస్సెక్కుతారు.

డోరా బల్ల దగ్గరికి వచ్చేది ఎవరో గుర్తుపెట్టుకోవాలి. కరువు ప్రాంతమైన ఈశాన్యం నుంచి నగరానికి వలస వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో. అదే ఈశాన్యంలో, అంజికోస్ అనే ఊళ్లో, 1963లో పౌలో ఫ్రేరే కూలీలకి అక్షరాలు నేర్పాడు. 1964లో సైన్యం అధికారం చేజిక్కించుకుని ఆ కార్యక్రమాన్ని ఆపేసింది, ఫ్రేరేని జైల్లో పెట్టింది, తర్వాత ఆయన ప్రవాసం వెళ్లాల్సి వచ్చింది. బ్రెజిల్లో చదువురాని వాళ్లకి 1985 దాకా ఓటు హక్కు లేదు. అంటే డోరా ముందు బారులు తీరినవాళ్లలో పెద్దవయసు వాళ్లు, మొన్నమొన్నటిదాకా పౌరుల లెక్కలో సగమే ఉన్నవాళ్లు. అలాంటివాళ్ల ఉత్తరం చింపెయ్యడం ఒక చిరాకు మనిషి చేసిన చిల్లర మోసం మాత్రమే కాదు. రాజ్యం చేసిన పనినే ఆమె తన సొరుగంత మేర చేస్తోంది.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సిన విషయం ఇంకొకటుంది. సినిమా మొదట్లో ఉత్తరం చెప్పి రాయించుకునే స్త్రీ వృత్తి నటి కాదు, మరియా దో సొకోర్రో నోబ్రే. ఆమె జైల్లో ఉండగా ఒక శిల్పికి ఉత్తరం రాసింది. వాళ్లిద్దరి మీద సాలెస్ 1995లో డాక్యుమెంటరీ తీశాడు. 'సెంట్రల్ స్టేషన్' ఆలోచనకి మూలం అదే. చేరాల్సిన చోటికి చేరిన ఒక ఖైదీ ఉత్తరం, చేరని ఉత్తరాల సినిమాకి దారి తీసింది.

ఈ సినిమాని ఎక్కువమంది మాతృత్వం కథగా చదువుతారు. పెళ్లీ పిల్లలూ లేని ఆడది ఎండిపోయి ఉంటుంది, పసివాడి చెయ్యి తగలగానే చిగురిస్తుంది అన్న కథ. ఈ కథ మనకి కొత్తది కాదు, మన సినిమాలు మనకి వందసార్లు చెప్పాయి. కానీ డోరా తల్లి కాదు, అవదు కూడా. వాళ్లిద్దరూ సమానుల్లా పోట్లాడుకుంటారు. ఆమె బస్సులో తాగుతుంది, వాడూ తాగుతాడు. వాడు కొట్లో దొంగతనం చేస్తే ఆమె వాణ్ని తిడుతుంది, తనూ ఆ పనే చేస్తుంది. వాడు అప్పుడే చిన్న మగాడు, మగాళ్ల గురించి గొప్పలు పోతాడు. వాడిది ఇల్లు కట్టే వడ్రంగి తండ్రి గురించిన కల. ఆమెది తాగుబోతు తండ్రి జ్ఞాపకం. పెద్దయ్యాక ఆయన వీధిలో ఎదురైతే కూతుర్ని గుర్తుపట్టకపోగా, ఎవరో ఆడమనిషి అనుకుని సరసాలాడబోయాడు. తండ్రుల విషయంలో ఆ ఇద్దరూ ఒకరినొకరు ఒప్పించుకోలేరు.

ఆమెకి కోరిక కూడా ఉంది. దారిలో ఎక్కించుకున్న లారీ డ్రైవర్ మంచివాడు, దైవభక్తి ఉన్నవాడు. లిప్‌స్టిక్ వేసుకుంటే బాగుంటావని పిల్లాడంటే, బాత్‌రూమ్‌లో ఎవరో అమ్మాయినడిగి వేసుకుని బయటికొచ్చేసరికి లారీ వెళ్లిపోయి ఉంటుంది. పిల్లాడి కోసమే పుట్టిన తల్లిగా చూపించాలనుకుంటే ఈ సన్నివేశం అక్కర్లేదు. యాత్రికుల గుంపులో సొమ్మసిల్లి పడిపోయిన డోరా, తెల్లారేసరికి పిల్లాడి ఒడిలో తలపెట్టుకుని ఉంటుంది. తల్లి ఎవరు, బిడ్డ ఎవరు అన్న ప్రశ్నకి అక్కడ అర్థమే లేకుండా పోతుంది.

మరి వాళ్లిద్దరినీ కలిపిందేమిటి? నా ఉద్దేశంలో అది లెక్క అడగడం. సొరుగులో వాళ్లమ్మ ఉత్తరం కనిపించినప్పట్నుంచీ జొజువే డోరాని నమ్మడు. నిలదీస్తాడు, అబద్ధాలకోరు అంటాడు. అన్నేళ్లుగా అంతమంది చెప్పి రాయించుకున్నారు, నా ఉత్తరం పోస్టు చేశావా అని గట్టిగా అడిగిన మొదటి మనిషి ఈ తొమ్మిదేళ్ల వాడే.

మా నాయనమ్మకి చదువు రాదు. పుట్టింటికి ఆవిడ ఉత్తరాలు నేనే రాసేదాన్ని. అంతా చెప్పి రాయించాక, "ఏం రాశావో ఓసారి చదువమ్మా" అనేది. చదివాక కాసేపు ఆలోచించుకుని, "మళ్లీ చదువు" అనేది. ఆవిడకి మతిమరుపని అప్పట్లో అందరూ అనుకునేవారు. నాకిప్పుడు అర్థమవుతోంది, అది రాసే చేతి మీద పెట్టిన నిఘా. మనవరాల్నే అయినా, రాసే అధికారం నా చేతిలో ఉన్నంతసేపూ ఆవిడ నన్ను పూర్తిగా నమ్మేది కాదు. ఆ అపనమ్మకంలో ప్రేమకేం లోటు లేదు. వయసులో, చదువులో, అధికారంలో తేడా ఉన్న ఇద్దరి మధ్య స్నేహం కుదరాలంటే, తక్కువ అధికారం ఉన్నవాళ్లకి "మళ్లీ చదువు" అనగలిగే చోటు ఉండాలి.

ఇక చివరి ఘట్టం. తండ్రి దొరకడు. వాడి సవతి అన్నలు, వడ్రంగులు, దొరుకుతారు. వాళ్లకి చదువు రాదు. తండ్రి అనాకి రాసిన ఉత్తరం చదవగలిగేవాళ్లు లేక ఇంట్లో పడుంది. డోరా పైకి చదువుతుంది. మళ్లీ అందరం కలిసుందాం అని అన్నలిద్దరి పేర్లు చదివి, ఒక్క క్షణం ఆగి, పిల్లాడి వైపు చూసి, జొజువే పేరు కూడా చదువుతుంది. తండ్రి వాణ్ని చూడాలని ఎంతో కోరుకుంటున్నట్టుగా. ఆ పేరు కాగితం మీద ఉందో లేదో సినిమా మనకి చూపించదు. లేదనే ఆ ఆగడం చెప్తుంది. ఉత్తరాల్ని తొక్కిపట్టిన అధికారమే ఇప్పుడు లేని మాటని చేర్చింది. ఇది దయ. అబద్ధం కూడా. చదువురాని అన్నల ముందు, మళ్లీ చదువు అని అడగలేని చోట చెప్పిన అబద్ధం. నాకా దృశ్యం ఇష్టం. అయినా డోరా మారిపోయిందనడానికి దాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి మనసొప్పదు.

ఈ సినిమా క్లాసులో చూపించినప్పుడు ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, మరి చింపేసిన ఉత్తరాల సంగతేంటి?" అని. వెంటనే ఇంకో అమ్మాయి జవాబిచ్చింది, "యాత్రలో దేవుడికి రాయించుకున్నవాళ్లవి పోస్టు చేసింది కదా." నిజమే. డబ్బంతా అయిపోయినప్పుడు జొజువే ఆలోచనతోనే అక్కడ మళ్లీ బల్ల వేస్తారు, ఈసారి ఆ ఉత్తరాల్ని డోరా పోస్టు చేస్తుంది. "వీళ్లు వేరే, వాళ్లు వేరే కదా" అంది మొదటి అమ్మాయి. చర్చ చాలాసేపు సాగింది కానీ ఆ మాటని ఎవరూ దాటలేకపోయారు.

నేనూ దాటలేను. స్నేహం పక్షపాతి. అది ఒక్క మొహాన్ని ఎంచుకుంటుంది. న్యాయానికి ఆ వీలు లేదు, అది బారులో నిలబడ్డ ప్రతి మొహానికీ జవాబు చెప్పాలి. జొజువే స్నేహం డోరాకి నేర్పింది ఏమిటంటే, ఆ కాగితాల వెనక మనుషులున్నారని. ఆ తర్వాత ఆమె ఆ ఉత్తరాలు చదివి నవ్వలేదు. అది పెద్ద మార్పే. కానీ రియో స్టేషన్లో రాయించుకున్న ఆ మొహాలు మనకి మళ్లీ కనిపించవు. జైల్లో ఉన్నవాడు జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు. చివర్లో డోరా బస్సులో కూర్చుని జొజువేకి ఉత్తరం రాస్తూ ఏడుస్తుంటే మనమూ ఏడుస్తాం, మనసులో ఆమెని క్షమించేస్తాం. క్షమించడం మన చేతిలో ఉన్న పనేనా? ఆ హక్కు చిరిగిన ఉత్తరాల వాళ్లది. వాళ్లని ఎవరూ అడగలేదు.

రాసే ఆడవాళ్లం కాబట్టి ఈ ప్రశ్న మనకి ఇంకా దగ్గరిది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పుకున్న మాటల్ని విని, కాగితం మీద పెట్టిన పుస్తకం. సొరుగుల్లో ఉండిపోయిన మాటల్ని బయటికి తెచ్చిన గొప్ప పని అది. ఆ తర్వాతి కాలంలో దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు మమ్మల్ని మేమే రాసుకుంటామన్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' లాంటి సంకలనాలు ఆ మాటని చేసి చూపించాయి. కొందరు దాన్ని స్నేహం తెగిపోవడంగా చూసి బాధపడ్డారు. నాకలా అనిపించదు. మా నాయనమ్మ "మళ్లీ చదువు" అన్నట్టే అది కూడా. లెక్క అడగడం స్నేహం తెగిపోయిందనడానికి గుర్తు కాదు, అవతలివాళ్లు మనల్ని ఇంకా లెక్కలోకి తీసుకుంటున్నారనడానికి గుర్తు.

మొదటి ప్రశ్నకి నా జవాబు, చెల్లు చెయ్యదు అనే. ఒకరి మీద ప్రేమ ఇంకొకరి బాకీ తీర్చదు. అలాగని ఆ ప్రేమ వృథా కాదు, ఎందుకంటే బాకీ ఉందని కనిపెట్టే కళ్లు దానివల్లే వచ్చాయి. ఆ కళ్లతో తర్వాత ఏం చేస్తామన్నది వేరే సంగతి. డోరా ఎక్కిన బస్సు ఎటు వెళ్తుందో సినిమా చెప్పదు. అది రియోకే వెళ్తుందని, ఆమె మళ్లీ అదే స్టేషన్లో బల్ల వేసుకుని, రాయడం అయ్యాక ప్రతివాళ్లకీ చదివి వినిపించి, సాయంత్రం ఇంటికి వెళ్లేముందు పోస్టాఫీసు దగ్గర దిగుతుందని నేననుకోవాలనుకుంటాను. ఏడవడం కంటే అది కష్టమైన పని, రోజూ చెయ్యాల్సిన పని.