బెత్తము విడిచిన చేయి

చదువవలసిన భాగములు: ఎఫెసీ 6:1–4, సామెతలు 23:12–16, మార్కు 10:13–16

దక్షిణ అండమానులో, పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుండి దాని పేరు శ్రీవిజయపురము) ఉత్తరముగా, అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఫెరార్గంజ్ అను ఊరున్నది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి బ్రదుకుతెరువుకై వెళ్లిన తెలుగువారు ఆ దీవులలో అనేకులు. 2011 జనాభా లెక్కలలో వారు మొత్తము జనులలో సుమారు 13 శాతము. అక్కడి తెలుగు బిడ్డ ఇంటిలో తెలుగు మాటలాడును; బజారులో హిందీ వినును. హిందీలో ‘శిక్షా’ అనగా చదువు, ‘శిక్షక్’ అనగా ఉపాధ్యాయుడు. ఆ బిడ్డ ఇల్లు చేరగానే అదే మాట దెబ్బయగును. సంస్కృత మూలములో ఆ మాటకు నేర్చుట, నేర్పుట అని అర్థము. మన భాషలో మాత్రము నేర్పు పోయి నొప్పి మిగిలినది. ‘శిక్షణ’ అనుటకు మనము మరియొక రూపము చేసికొనవలసివచ్చెను.

ఇది భాషా సంగతి మాత్రమే కాదు. ఎఫెసీ 6:4లో మన తెలుగు బైబిలు ‘శిక్ష’ అని చెప్పినచోట పౌలు వ్రాసిన గ్రీకు మాట ‘పైదేయా’. బిడ్డను మనిషిగా పెంచు పని యంతయు అందులో ఇమిడియున్నది. అయితే ఆ మాటకును మన మాటకు పట్టిన గతియే పట్టినది. లూకా 23:16లో పిలాతు యేసును కొట్టించి విడిచిపెట్టెదనని చెప్పినప్పుడు వాడిన క్రియ ఆ మాటకు సంబంధించినదే. కాబట్టి క్రైస్తవ తండ్రి తన చేతిని ఎత్తునప్పుడు అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఈ శిక్ష పౌలు చెప్పినదా, పిలాతు చెప్పినదా? పౌలు దానిని ‘ప్రభువుయొక్క’ అను మాటతో కట్టివేసెను. దానికి ముందుగానే బిడ్డలకు కోపము రేపవద్దని హెచ్చరించెను.

“సామెతల గ్రంథము బెత్తము వాడుమనలేదా?” అని పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. సామెతలలో ‘బెత్తము’ అని తర్జుమా చేయబడిన హెబ్రీ మాట ‘షేవెట్’. 23వ కీర్తనలో అదే మాట ‘దుడ్డుకఱ్ఱ’ ఆయెను. దీనినిబట్టి కొందరు బోధకులు ఆ కఱ్ఱ గొఱ్ఱెలను నడుపుటకే గాని కొట్టుటకు కాదని చెప్పుచున్నారు. వినుటకు ఇంపుగా నుండును గాని అది నిలువదు. సామెతలు 23:13, 14 కొట్టుటనుగూర్చియే చెప్పుచున్నది. వాక్యము చెప్పినదానిని చెప్పలేదనుట వ్యాఖ్యానము కాదు. అయితే అదే గ్రంథము 17:10లో, బుద్ధిమంతునికి ఒక్క గద్దింపు పనిచేసినట్లు బుద్ధిహీనునికి నూరు దెబ్బలు పనిచేయవని ఒప్పుకొనుచున్నది. దెబ్బకు హద్దున్నదని ఆ జ్ఞానులకును తెలియును. మరియు ద్వితీయోపదేశకాండము 21:18–21 తిరుగబడిన కుమారుని రాళ్లతో చంపుమనుచున్నది. ఏ సంఘమును దానిని ఆచరింపలేదు. ఎందుకు? లూకా 15లో అట్టి కుమారుని కెదురుగా పరుగెత్తిన తండ్రిని యేసు చూపించెను గనుక. ఆ తండ్రి వెలుగులో ఒక వాక్యమును చదివి, బెత్తపు వాక్యమును మాత్రము వెలుపల విడిచిపెట్టుట ఎట్లు తగును? అధ్యక్షుడు కొట్టువాడై యుండకూడదని 1 తిమోతి 3:3 నియమించుచున్నది. అధ్యక్షునికి తగనిది సండేస్కూలు ఉపాధ్యాయునికి తగునా?

ఫెరార్గంజ్ చరిత్రయు ఈ విషయమున మాటలాడుచున్నది. ఆ దీవులు 1858 నుండి శిక్షా ద్వీపములు. 1906లో పూర్తియైన సెల్యులర్ జైలులో ఖైదీలను కట్టి కొరడాతో కొట్టుటకు వాడిన చట్రమును నేటికిని సందర్శకులు చూచుచున్నారు. 1923 మొదలు 1931 వరకు చీఫ్ కమిషనరుగా నుండిన మైకేల్ లాయిడ్ ఫెరార్ పేర ఆ ఊరు వెలసెను. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము క్రింద ముద్రవేయబడిన భాంతూ కుటుంబములు 1920లలో ఆ ప్రాంతమునకు తేబడెను. బాపట్లయొద్ద స్టూవర్టుపురము నెరిగిన తెలుగు చదువరికి ఆ చట్టము క్రొత్తది కాదు. బిడ్డ ఇంకను ఏమియు చేయకమునుపే వాడు దొంగయని అది తీర్పు తీర్చెను. 1952లో ఆ చట్టము తొలగినది. తరగతిలో ‘మొద్దు’, ‘దొంగ’ అని పిలుచు నోరు మాత్రము ఆ చట్టమును ఇంకను నడుపుచునే యున్నది.

ఇప్పుడు దేశపు చట్టము బిడ్డ పక్షముననున్నది. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించెను. అంతకు మూడేండ్ల ముందు, 2007లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన అధ్యయనములో బడికిపోవు పిల్లలలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నట్లు చెప్పిరి. 2016లో గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అను అమెరికా పరిశోధకులు యాబది సంవత్సరముల అధ్యయనములను, లక్షా అరువదివేల మందికిపైగా పిల్లల వివరములను కలిపి పరిశీలించిరి; పిరుదులపై చరచుటకును విధేయత పెరుగుటకును సంబంధము కనబడలేదు, దూకుడు పెరుగుటకు కనబడెను.

అయినను చట్టము చేయగలిగినది సగమే. అది ఉపాధ్యాయుని చేతిలోనుండి బెత్తమును తీసివేసెను. ఆ చేతిలో మరేదియు పెట్టలేదు. నలువదిమంది పిల్లలున్న గదిలో ఖాళీ చేతులతో నిలిచినవాడు కొన్నాళ్లు అరచును, పిమ్మట రహస్యముగా కొట్టును. అతనిని నిందించుట సులభము, అతనికి నేర్పించినవారెవరు? తానును దెబ్బలు తినియే చదివెను. సంఘము ప్రవేశింపవలసిన చోటు ఇదియే. ప్రతి వేసవిలో వి.బి.ఎస్.కు ముందు ఉపాధ్యాయులకు పాటలు, అభినయములు, కథలు నేర్పుచున్నాము. అల్లరి చేసిన బిడ్డతో ఏమి చేయవలెనో నేర్పుటకు ఒక పూటయైనను కేటాయించుచున్నామా?

ఆ పూటలో ఉపన్యాసము చాలదు, అభ్యాసము కావలెను. ఒకరు అల్లరి బిడ్డగాను ఒకరు ఉపాధ్యాయునిగాను నటించి, కోపము వచ్చిన క్షణమున నోటినుండి ఏమాట వెలువడునో వినవలెను. నియమములు మూడు నాలుగు చాలును; వాటిని పిల్లలతో కూర్చుండియే ఏర్పరచవలెను. తప్పునకు ఫలితము ఆ తప్పునకు సంబంధించినదై యుండవలెను: పాలు ఒలకబోసినవాడు తుడువవలెను, తోటివాని పుస్తకము చింపినవాడు అతికించి ఇవ్వవలెను. గోడకుర్చీ వేయించిన యెడల పుస్తకము అతుకదు. మంచి చేసినప్పుడు ‘మంచివాడవు’ అనుటకంటె ‘చెల్లికి నీ వంతు ఇచ్చితివి, చూచితిని’ అని చెప్పవలెను. గద్దింపు ఏకాంతముగా నుండవలెను. కంఠత వాక్యము రాని బిడ్డను ఆరాధన తరువాత అందరియెదుట నిలువబెట్టు అలవాటు మన సంఘములలో ఇంకను ఉన్నది; ఆ బిడ్డ జీవితమంతయు ఆ వాక్యమును సిగ్గుతోనే జ్ఞాపకముంచుకొనును.

తలిదండ్రులకు ఇది మరింత కష్టము. పడవనుండి దిగివచ్చిన తండ్రి అలసటతోనుండును. “నాన్నను రానీ, నీ పని చెప్పెదను” అని తల్లి పగలంతయు బెదిరించియుండును. వచ్చిన తండ్రి తానెరుగని తప్పునకు తీర్పరి యగును. భార్యాభర్తలు బిడ్డ లేనప్పుడు మాటలాడుకొని ఒక్కమాటపై నిలుచుట ఇక్కడ మొదటి మెట్టు. కోపము చల్లారువరకు బయట నిలుచుట రెండవది. మూడవది అన్నిటికంటె బరువైనది: కోపములో కొట్టినయెడల, బిడ్డయొద్దకు వెళ్లి ‘నేను చేసినది తప్పు’ అని చెప్పుట. అట్లు చెప్పినచో గౌరవము పోవునని మన పెద్దలు భయపడుదురు. ఎఫెసీ పత్రికలో పౌలు మొదట పిల్లలనే పేర్కొని పిలిచి మాటలాడెను. అనగా ఆ పత్రిక సభలో బిగ్గరగా చదువబడిన నాడు పిల్లలును అక్కడనే కూర్చుండియుండిరి. తండ్రులకు ఇచ్చిన ఆజ్ఞను వారును వినిరి.